అడవి అంబలి, అంగడి పీచుపొడి

ఆకలి పుట్టడానికి మందు అడిగే రోజులు మన తాతల కాలములో ఉండేవి. ఆకలి తగ్గడానికి మందు కొనుక్కొనే రోజులు మనవి. నేటి మందుల అంగళ్ళలో పీచుపదార్థము పొడిగాను, బిళ్ళలుగాను, గొట్టాలుగాను అమ్మకానికి వస్తున్నది. భోజనానికి ముందు నీళ్ళలో కలుపుకొని త్రాగితే కడుపు నిండినట్లుండి, తిండి తగ్గి, ఒళ్ళు తగ్గుతుందని చెప్పుతున్నారు. ఈ మాటలో నిజమెంత అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రము ఇచ్చే సమాధానము ఒకటి, చరిత్ర ఇచ్చే సమాధానము మరొకటి. ఈ రెండవదాని కొరకు మనము ముందుగా దమ్మపేట వైపు వెళ్ళవలసి ఉన్నది.

దమ్మపేట ఖమ్మము మెట్టకు, భద్రాచలపు అడవికి నడుమనున్న ఊరు. 1953లో వరంగల్లు నుండి విడివడిన ఖమ్మము జిల్లాలో ఉండి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఆ ప్రాంతములో కోయవారి గూడెములు, గుట్టల మీద కొండరెడ్ల ఇండ్లు ఉన్నవి. కొండరెడ్ల జీవితమును దగ్గరగా చూచి గ్రంథస్థము చేసినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. గోదావరి తీరపు కొండలలోని రెడ్లను గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. పోడు చేలలో పండిన జొన్నలు, సామలు ఇంట ఉన్నంతకాలము వారికి అంబలి, జావ, సంకటి. వేసవికి గింజలు నిండుకొనేవి. అప్పుడు జీలుగు చెట్టును నరికి, మ్రాను లోపలి మెత్తని భాగమును ఎండబెట్టి, దంచి పిండి చేసుకొనేవారు. మామిడి టెంకలలోని జీడిని నీటిలో నానవేసి, వగరు పోగొట్టి జావ కాచుకొనేవారు. కోయవారికి ఇప్పపువ్వు కూడ ఇటువంటి ఆధారమే.

ఈ తిండి అంతా పీచేనని మేము అనము. జీలుగు పిండిలో ఎక్కువ పాలు పిండిపదార్థమే. అయినను అది ముతక తిండి. కడుపులో చోటును నింపుతుంది, మెల్లగా జీర్ణమవుతుంది. పరిమాణమునకు తగిన సత్తువను మాత్రము ఇవ్వదు. కాయకష్టము చేసే మనిషికి ఇది పెద్ద లోటు. కడుపు నిండినట్లు ఉండీ ఒంటికి బలము చాలకపోవడము లేమికి గుర్తు. ఆ లోటునే నేడు పట్టణపు అంగడిలో గుణముగా వెల కట్టి అమ్ముతున్నారు. అడవి మనుష్యులు పీచు తిని సుఖముగా ఉండిరని కొందరు ముచ్చటగా వ్రాస్తూ ఉంటారు. వారు గింజలు నిండుకొన్న వేసవిని లెక్కలోనికి తీసుకొనలేదని మా అభిప్రాయము.

ఇక విద్వాంసుల సంగతి. వారు పీచును చాలకాలము లెక్కచేయలేదు. బియ్యపు తవుడు విషయములో ఒకసారి దెబ్బ తగిలినది. మర పట్టిన తెల్లని పచ్చిబియ్యము తినే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి నాటుకొని ఉండేది. ఆ వ్యాధిని విచారించడానికి 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ నెలకొల్పిన చిన్న శాఖయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పొందినది. అయితే తవుడులో విద్వాంసులు వెదకినది విటమినును. అందులోని పీచు ఒంటికి పట్టని చెత్తగానే మిగిలిపోయినది.

ఆ చెత్తకు ఆహారపు పీచు అన్న గౌరవనామమును 1953లో ఇచ్చినవాడు హిప్స్‌లీ అనే పండితుడు. ఉగాండాలో దీర్ఘకాలము పనిచేసిన బర్కిట్, ట్రోవెల్ అనే ఇద్దరు వైద్యులు ఆ మాటను 1970ల తరువాత లోకమంతటా వ్యాపింపజేసినారు. ముతక తిండి తినే ఆఫ్రికా గ్రామస్థులలో పాశ్చాత్య దేశాల జబ్బులు అరుదుగా కనిపించడము వారిని ఆలోచింపజేసినది. ఆకలి సంగతిని సూటిగా పట్టుకొన్నవాడు మాత్రము బ్రిస్టలు నగరములోని హీటన్. తిండిలోని పీచు సత్తువ ఒంటికి చేరడానికి అడ్డుకట్ట వంటిదని ఆయన 1973లో ప్రతిపాదించినాడు. 1977లో ఆయన బృందము పదిమందికి ఒకనాడు ఆపిలు పండ్లు, ఒకనాడు వాటి గుజ్జు, ఒకనాడు రసము ఇచ్చి చూచినది. మూడింటిలోను చక్కెర సమానమే. పండ్లు నమిలి తినడానికి సుమారు 17 నిమిషములు పట్టినది. గుజ్జుకు 6 నిమిషములు. రసము ఒకటిన్నర నిమిషములో లోపలికి పోయినది. పండ్లు తిన్ననాడు కలిగిన తృప్తి గుజ్జు తిన్ననాడు లేదు. గుజ్జు ఇచ్చిన పాటి తృప్తి రసము ఇవ్వలేదు. గుజ్జులో పీచు ఉన్నది, అయినను అది నలిగిపోయినది. కనుక పీచు ఉండడముతోబాటు అది ఏ రూపములో ఉన్నదో కూడ చూడవలెనని ఈ చిన్న ప్రయోగము చూపినది. పొడి అమ్మేవారు ఈ సంగతిని తలపెట్టరు.

మన దేశములో ఈ విచారణ మన పోపులపెట్టెలోనే సాగినది. మెంతులలో సుమారు సగము పీచే. అందులో కొంత భాగము నీటిలో నానితే జిగురయ్యే జాతి. హైదరాబాదు పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ మొదలగువారు 1980లలో మెంతులను మధుమేహ రోగుల మీద పరిశీలించినారు. 1990లో ప్రకటించిన ఒక పరిశోధనలో రోజుకు 100 గ్రాముల కొవ్వు తీసిన మెంతిపిండిని రెండు భాగములుగా భోజనముతో ఇచ్చి చూడగా రక్తములోని చక్కెర తగ్గినది. వారు వెదకినది చక్కెరను, ఒంటి బరువును కాదు. ఆకలి సంగతి 2009లో అమెరికాలోని మిన్నెసోటాలో తేలినది. స్థూలకాయులు 18 మందికి మెంతుల పీచును ఉదయపు ఆహారముతో ఇవ్వగా, 8 గ్రాములు తీసుకొన్ననాడు కడుపు నిండిన భావము ఎక్కువైనది. రుచి మాత్రము వారికి నచ్చలేదు. మెంతికూర పప్పుతో పెరిగిన మనకు ఇది ఆశ్చర్యమే!

అంగడి పొడుల చరిత్ర ఇంత సాఫీగా లేదు. మన గోరుచిక్కుడు గింజల నుండి తీసే బంకను బిళ్ళలుగా చేసి అమెరికాలో ఒళ్ళు తగ్గే మందుగా అమ్మినారు. ఆ బిళ్ళలు నీరు తగిలి గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతున్నవని తెలిసి 1990లో అక్కడి ప్రభుత్వ సంస్థ వాటి మీద చర్య తీసుకొన్నది. 2001లో పరీక్షలన్నిటినీ కలిపి లెక్క చూచినవారు ఆ బంక వలన బరువు తగ్గదని తేల్చినారు. తూర్పు ఆసియాలో పండే కొంజాకు దుంప మన కందకు దాయాది. మన కందలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థము కాగా, దానిలో గ్లూకోమన్నాన్ అనే జిగురు పీచు విశేషముగా ఉన్నది. మితాహారము పాటించే స్థూలకాయులకు రోజుకు 3 గ్రాములు, భోజనానికి ముందు ఒక్కొక్క గ్రాము చొప్పున, నిండుగా నీటితో తీసుకొంటే తోడ్పడుతుందని 2010లో ఐరోపా ఆహార సంస్థ అంగీకరించినది. మితాహారము అన్న షరతును సీసా మీద చిన్న అక్షరములలో ముద్రిస్తారు. 2020లో జిగురు పీచుల మీద జరిగిన 62 పరీక్షలను కలిపి చూచినప్పుడు, ఆహారనియమము లేని చోట తగ్గిన బరువు సగటున కిలోలో మూడవ వంతు మాత్రమే. మ్రింగడము కష్టమైనవారు ఈ పొడులకు దూరముగా ఉండవలెను. మందులు వాడేవారు, ముఖ్యముగా మధుమేహమునకు వాడేవారు, ముందుగా వైద్యుని అడుగవలెను. పీచు మందును కూడ ఒంటికి పట్టకుండ అడ్డగించవచ్చును.

మరల దమ్మపేట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ప్రవేశపెట్టినది. వేసవిలో టెంకజావ కాచుకొన్న ఇండ్లకు ఆ బియ్యము ఎంత ఊరటయో పట్టణములో కూర్చున్నవారు కొలవలేరు. దానిని నిందించడము మా ఉద్దేశము కాదు. అయితే పళ్ళెములోని పీచు మారినది. పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల మరబియ్యములో పీచు 2.8 గ్రాములు, సామలలో 7.7, జొన్నలలో 10.2, రాగులలో 11.2. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధిక బరువు గలవారు. సుమారు 19 మంది ఉండవలసినంత బరువు లేనివారు. ఒకే రాష్ట్రములో ఒకరికి ఆకలి తగ్గవలెను, మరొకరికి తీరవలెను. మెట్ట భూములలో నేడు పామాయిలు తోటలు విస్తరించినవి. సామలు, కొర్రలు పట్టణపు అంగళ్ళలో బియ్యము కంటె ఎక్కువ వెలకు అమ్ముడుపోతున్నవి.

ఒక పూట అన్నములో 50 గ్రాముల బియ్యము తగ్గించి అంత జొన్నపిండితో రొట్టెయో సంకటియో చేసుకొంటే సుమారు 3.7 గ్రాముల పీచు అదనముగా చేరుతుంది. జొన్న పీచు, కొంజాకు పీచు ఒకే జాతివి కావు. మొదటిది అంతగా జిగురు కట్టదు. కాని జొన్నరొట్టెను నమలవలసి ఉన్నది.