గుంజ చుట్టూ మట్టి

కార్తీకమాసం. కరీంనగర్‌లో చిన్న క్లినిక్. కుర్చీలో పెద్దాయన నోరు తెరిచి ఉన్నాడు. కింది దవడ కుడివైపు దంతం ఊడిన చోట మీరు ఇప్పుడే చిగురు కోసి పక్కకు తప్పించారు. తెల్లటి ఎముక కనిపిస్తోంది. మత్తు ఇవ్వకముందు ఆయన అడిగింది ఒక్కటే: "డాక్టర్ సాబ్, సకినాలు కొరుకుతనా?"

ట్రే పక్కన సీలు తీయని రెండు ఇంప్లాంట్లు, పంటి వేరు బదులు ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు. ఒకటి సన్నం, పొడుగు: 3.5 మి.మీ. వెడల్పు, 11.5 పొడవు. రెండోది లావు, పొట్టి: 4.5, 10. మీ చెయ్యి పొడుగుదాని మీదికే పోతోంది. లోతుగా దిగితే పట్టు ఎక్కువని మనసు చెబుతుంది.

ఆగి స్కాన్ చూడండి. ఎముక వెడల్పు 7.5 మి.మీ. పై అంచు నుంచి కింద నరం దాకా 12. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం అది. 2 మి.మీ. ఎడం వదలాల్సిందే. పొడుగుది పట్టదు.

పట్టినా పెద్ద మేలు లేదు. బర్రెను కట్టేసిన గుంజను గుర్తు తెచ్చుకోండి. బర్రె లాగినప్పుడు ముందు వదులయ్యేది అడుగు మట్టి కాదు, నేల పైన గుంజ చుట్టూ ఉన్న మట్టి. దవడలోనూ అంతే. నమిలే ఒత్తిడి ఎక్కువగా ఇంప్లాంట్ మెడ దగ్గరే, మొదటి కొన్ని థ్రెడ్ల చుట్టూ పోగవుతుంది. మెడ లావుగా ఉంటే ఆ ఒత్తిడిని ఎక్కువ ఎముక పంచుకుంటుంది. సొంత పంటి వేరు చుట్టూ 0.2 మి.మీ. మెత్తటి పొర ఉండి కొరుకుడు దెబ్బను ఓర్చుకుంటుంది. టైటానియానికి ఆ పొర లేదు. పైగా అది దవడ పైపొర ఎముక కంటే ఐదు రెట్లకు మించి బిరుసు.

లావుదే తీస్తారు. ఇరువైపులా 1.5 మి.మీ. ఎముక మిగులుతుంది.

డ్రిల్లు తిరుగుతోంది. సెలైన్ ధార ఆగకూడదు. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే ఎముక చచ్చిపోతుంది. ముందు 2 మి.మీ. రంధ్రం. తర్వాత ఇంకొంచెం వెడల్పు. ఇంకొంచెం. పైపొర మొండిగా ఉందని మీ వేళ్లకు తెలుస్తోంది.

ఇంప్లాంట్ వెలుగులోకి వస్తుంది. దాని థ్రెడ్ల అంచులు కత్తిలా వాలుగా కాక చదరంగా ఉన్నాయి. కావాలనే అలా చేశారు. ఎముక నొక్కుడుకు ఓర్చుకుంటుంది, లాగితే అంత ఓర్చుకోదు, పక్కకు జార్చి కోస్తే అసలే ఓర్చుకోదు. చదరపు అంచు బరువును నొక్కుడుగా మారుస్తుంది.

రాచెట్ తగిలించి తిప్పుతారు. బిగింపు బలం 20 న్యూటన్ సెంటీమీటర్లు. 30. 35. ఇంకా రెండు చుట్లు పైనే ఉన్నాయి.

45.

మణికట్టు బిగుసుకుంది. పెద్దాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆయనకు నొప్పి లేదు. ఎముక గోడు మీ చేతికి మాత్రమే తెలుస్తోంది.

50.

ఇంకొక్క తిప్పు. దిగిపోతుంది.

తిప్పకండి.

మెడ దగ్గర ఎముక నలుగుతోంది. నలిగితే రక్తం అందదు. అందకపోతే ఆ అంచు చస్తుంది. రేపు బరువు మోయాల్సింది ఆ అంచే.

వెనక్కి తిప్పండి. నెమ్మదిగా. బయటికి. పైపొరలో ట్యాప్‌తో థ్రెడ్లు కోయండి. మళ్లీ దింపండి. 25. 30. 35. ఎముక అంచుతో సమానంగా ఆగింది.

ఊపిరి వదలండి.

ఎక్స్‌రేలో నరానికి ఎడం సరిగ్గానే ఉంది. మూత బిగించి కుట్లు వేస్తారు. పన్ను ఇప్పుడే పెట్టేయొచ్చు కదా? ఇంత పోరాడిన ఎముక మీద ఈరోజే బరువు మోపడం నాకైతే ఇష్టం లేదు. 1965లో స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో తొలిసారి మనిషి దవడలో టైటానియం స్క్రూలు బిగించిన బ్రోనెమార్క్ నేర్పిన ఓపిక అది: ఎముక లోహాన్ని పట్టుకునేదాకా నెలల తరబడి ఆగాలి. పన్ను తయారుచేసే ల్యాబ్ కోసం కాగితం మీద ఒక మాట రాసుకోండి: పంటి తొడుగు పైభాగం సన్నగా ఉండాలి. వెడల్పు తొడుగు అంచున సకినం పడితే బర్రె గుంజను పక్కకు లాగినట్టే.

పెద్దాయన లేచి కూర్చున్నాడు. పెదవి మొద్దుబారి మాట తడబడుతోంది. "సంక్రాంతికి…?"

"ఎడమ దిక్కు నమలుండ్రి బాపూ. కుడి దిక్కుకు ఉగాది దాకా ఆగాలె."

ఆయన వేళ్లు మడుస్తున్నాడు. మార్గశిరం, పుష్యం, మాఘం, ఫాల్గుణం.