అంబాసిడర్ కారు ఇంజను వేడెక్కడం

అంబాసిడర్ కారు ఇంజను వేడెక్కడం అనగా, ఇంజనులో పుట్టిన వేడిని శీతలీకరణ వ్యవస్థ పూర్తిగా బయటకు పంపలేక, అందులోని నీరు మరిగే స్థితికి చేరుకోవడం. పాత కార్లన్నిటిలోనూ ఈ లోపం కనిపిస్తుంది. అయితే ఎండతీవ్రతతో పాటు భూగర్భజలాల కాఠిన్యం కూడా ఎక్కువగా ఉన్న నల్గొండ వంటి మెట్ట ప్రాంతాలలో మొదట అనుమానించవలసినది రేడియేటరులో పోసిన నీటిని.

కారు, శీతలీకరణ వ్యవస్థ

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో అంబాసిడర్‌ను 1950ల చివరి నుండి 2014 వరకు తయారుచేసింది. ప్రభుత్వ వాహనంగా, టాక్సీగా తెలుగు జిల్లాలలో ఇది దశాబ్దాలపాటు నడిచింది. ఎక్కువకాలం దీనిలో వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను దిమ్మ, హెడ్ రెండూ పోత ఇనుముతో చేసినవి. వేడిని అవి చాలాసేపు పట్టి ఉంచుతాయి.

వాటర్ పంపు, రేడియేటరు వెనుక ఉండే ఫ్యాను ఈ ఇంజనులో ఒకే బెల్టుతో తిరుగుతాయి. ఇప్పటి కార్లలో వలె విద్యుత్ ఫ్యాను లేనందున, బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గాలి కూడా తక్కువగానే వస్తుంది. రేడియేటరు మూత కేవలం మూత కాదు, ఒత్తిడిని నిలిపే కవాటం. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి నిలిపే మూత ఉంటే నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కాక సుమారు 111 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూతలోని రబ్బరు చెడితే ఈ వెసులుబాటు పోతుంది. ఇంత చవకైన భాగాన్ని వదిలి పెద్ద మరమ్మతులకు దిగడం తరచుగా జరిగే పొరపాటు.

కఠిన జలం వల్ల కలిగే నష్టం

బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు వేడికి విడిపోయి, కరగని కార్బొనేట్లుగా మారతాయి. వంటపాత్రల అడుగున తెల్లగా పేరుకునే పొర ఇదే. ఇంజను దిమ్మలోని నీటి మార్గాలలోనూ, రేడియేటరు సన్నని గొట్టాలలోనూ ఇదే పొర ఏర్పడుతుంది. వేడిని ప్రసరింపజేసే గుణం ఈ పొరకు ఇనుముతో పోలిస్తే పదుల రెట్లు తక్కువ. అందువల్ల కొద్ది మందమే అయినా సిలిండరు గోడల వేడి నీటికి చేరదు. ఉష్ణమాపకం మామూలుగానే చూపుతున్నా లోపల లోహం మాడిపోతూ ఉండవచ్చు.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. మించకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. ఆ గరిష్ఠ పరిమితిలో ఉన్న నీటిని కారుతున్న రేడియేటరులో రోజుకు ఒక లీటరు చొప్పున పోస్తే, ఏడాదికి దాదాపు 219 గ్రాముల ఖనిజం లోపలికి వెళుతుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఖనిజం లోపలే మిగులుతుంది. కాబట్టి చిన్న కారడాన్ని ఉపేక్షించి నీళ్ళు పోస్తూ నడపడం రేడియేటరును స్వయంగా పూడ్చడమే.

నల్గొండ నీరు అనగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. నీటి నుండి ఫ్లోరైడును పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి కూడా నల్గొండ పేరే స్థిరపడింది. అయితే ఇంజనులో పేరుకునే పొరకు ఫ్లోరైడు కారణం కాదు. కాల్షియం ఫ్లోరైడు నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కనుక, కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో సాధారణంగా ఫ్లోరైడు తక్కువగా ఉంటుంది. ఫ్లోరైడు నీరు, కఠిన జలం ఒకటి కావు.

లోపాన్ని గుర్తించడం

మొదట ఇంజను నిజంగా వేడెక్కుతున్నదా, లేక ఉష్ణమాపకమే తప్పు చూపుతున్నదా అన్నది తేల్చుకోవాలి. తరువాత ఏ సమయంలో వేడెక్కుతున్నదో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. హైదరాబాదు–విజయవాడ రహదారిపై చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా సాఫీగా సాగిన కారు పట్టణ రద్దీలో వేడెక్కితే, గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు బెల్టు వదులును, ఫ్యాను రెక్కలను, రేడియేటరు రెక్కల మధ్య చిక్కిన పురుగులను, దుమ్మును చూడాలి. బెల్టును మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవడం సరైన బిగువు.

దీనికి భిన్నంగా ఊరిలో చల్లగా ఉండి, రహదారిపై వేగం పెరిగినప్పుడో ఎత్తు ఎక్కేటప్పుడో వేడెక్కితే నీటి ప్రవాహానికి ఆటంకం ఉన్నట్లు. రేడియేటరు పూడిక, కింది హోస్ పైపు మెత్తబడి పీల్పుకు మూసుకుపోవడం, పంపు రెక్కలు తుప్పుపట్టడం ఇందుకు కారణాలు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు ముందుభాగాన్ని పరారుణ ఉష్ణమాపకంతో పరిశీలిస్తే, పూడిన గొట్టాలున్న చోటు మిగతా భాగం కంటే చల్లగా కనిపిస్తుంది.

స్టార్టు చేసిన కొద్ది నిమిషాలకే నీరు మరిగితే థర్మోస్టాట్ మూసుకొని బిగిసిపోయి ఉండవచ్చు. హెడ్ గాస్కెట్ కాలి ఉండే అవకాశం కూడా ఉంది. రేడియేటరులో ఆగకుండా బుడగలు రావడం, ఇంజను ఆయిలు పాలు కలిపినట్లు తెల్లబడడం గాస్కెట్ చెడినదానికి గుర్తులు. నీటి భాగాలన్నీ బాగుంటే ఇగ్నిషన్ టైమింగును చూడాలి. నిప్పురవ్వ ఆలస్యంగా పడితే వేడి ఎక్కువవుతుంది.

వేసవిలో థర్మోస్టాట్‌ను తీసివేసే అలవాటు పాత కార్ల యజమానులలో ఉంది. ఇది పూడికను బాగుచేయదు, కప్పిపుచ్చుతుంది. పైగా శీతాకాలపు ఉదయాలలో ఇంజను తగినంత వేడెక్కక ఇంధనం వృథా అవుతుంది.

దారిలో మరిగినప్పుడు

మే నెలలో నల్గొండ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. దారిలో నీరు మరిగితే బండిని నీడలో ఆపి, బానెట్ ఎత్తి కనీసం అరగంట ఆగాలి. వేడిమీద రేడియేటరు మూత తీయరాదు. ఒత్తిడి తగ్గిన మరుక్షణం మరిగే నీరు ఆవిరై పైకి చిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. చల్లబడిన తరువాత కూడా మందపాటి గుడ్డతో పట్టి, మూతను మొదటి మెట్టు వరకే తిప్పి ఆవిరిని వదలాలి. ఎండిన వేడి ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు కుమ్మరిస్తే పోత ఇనుప హెడ్ పగులుతుంది. పగిలిన హెడ్‌ను తిరిగి సంపాదించడం ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారుకు చిన్న పని కాదు.

శుభ్రపరచడం

పలుచని సిట్రిక్ ఆమ్ల ద్రావణంతో ఇంజనును కొంతసేపు నడిపి, చల్లారాక నీటిని వదిలివేసి, మంచినీటితో పలుమార్లు కడిగితే పలుచని పొర పోతుంది. నీటిని రేడియేటరు నుండే కాక, ఇంజను దిమ్మకు ఉన్న కొళాయి ద్వారా కూడా వదలాలి. మడ్డి చేరేది అక్కడే. ఆ కొళాయి నుండి నీరు రాకపోతే తీగతో పొడవాలి. మందమైన పొరకు రసాయనం చాలదు. రేడియేటరు పై తొట్టిని టంకం కరిగించి విడదీసి, గొట్టాలలో సన్నని పట్టీలు దూర్చి పూడిక తీయవలసి ఉంటుంది.

తిరిగి నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంటు కలిపి పోయడం ఉత్తమం. కూలెంటు మరుగు స్థానాన్ని పెంచడమే కాక తుప్పును కూడా నిరోధిస్తుంది. శుభ్రంగా పట్టిన వాన నీరు కూడా పనికివస్తుంది. నీటిశుద్ధి యంత్రం నుండి వృథాగా పోయే నీటిని మాత్రం రేడియేటరులో పోయరాదు. శుద్ధిలో వేరుచేసిన ఖనిజాలన్నీ ఆ నీటిలోనే చేరి ఉంటాయి.