తాడు పట్టిన చెయ్యి

ఒక ఎద్దుతో సేద్యం అవుతుందా అని మా పాలమూరు వైపు రైతును అడిగి చూడండి. "ఒంటెద్దుతోని ఏం జేస్తం సారూ? కాడి ఏడ గట్టాలె?" అంటాడు. నాగలికి జోడు కావాలి. బండికి జోడు కావాలి. వెనకటి రోజుల్లో మోటకూ జోడే. మనిషి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన లెక్క మారిపోతుంది. పరుగు పందెంలో రిబ్బను తెంపినవాడొక్కడే మొనగాడు. వాడి పక్కన ఎవరు పరిగెత్తారు, నీళ్ళెవరు అందించారు, కాళ్ళు తడబడినప్పుడు "యింకొక్క చుట్టేరా" అన్నదెవరు, అన్న సంగతులు ఎవరికీ పట్టవు.

కాని దూరపు పందాల చరిత్ర తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఒంటిగా మొదలైన పందెం పాతికేళ్ళు తిరిగేసరికి జోడీ పందెమైంది. అదేమీ స్నేహధర్మం కొద్దీ జరగలేదు లెండి. ఒక చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని తప్పించుకోవటానికి వ్యాపారులు ఒక ఎత్తు వేశారు. ఆ ఎత్తులోంచి జోడీ పుట్టింది.

అమెరికాలో ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్ అని ఒకాయన వుండేవాడు. 1860 ఎన్నికల్లో లింకన్ ఓడిపోతాడని స్నేహితుడితో పందెం కాశాడు. ఓడినవాడు బోస్టన్ నుంచి వాషింగ్టన్‌కు కాలినడకన వెళ్ళి కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం చూడాలి. లింకన్ గెలిచాడు. వెస్టన్ మాట తప్పలేదు. 1861 ఫిబ్రవరిలో బయల్దేరి, మంచులో, బురదలో, సుమారు 478 మైళ్ళు పదిరోజుల చిల్లరలో నడిచాడు. తీరా వెళ్ళేసరికి ముహూర్తం దాటిపోయింది. మార్చి 4 మధ్యాహ్నం ప్రమాణం అయిపోతే సాయంత్రానికి చేరాడు. తలంబ్రాలు అందకపోయినా భోజనాలకు అందినట్టు, ఆ రాత్రి విందుకు మాత్రం హాజరయ్యాడు. అప్పటికి ఆయనకు యిరవై రెండేళ్ళు యింకా నిండలేదు.

ఆ నడకతో ఆయనకు పేరొచ్చింది. పేరు వెంట డబ్బు, డబ్బు వెంట పోటీదార్లు. 1874 డిసెంబరులో న్యూఆర్క్ పట్టణంలో ఆరు రోజుల్లో 500 మైళ్ళు నడిచి చూపించాడు. ఆరు రోజులే ఎందుకంటారా? ఆదివారం ఆటలు కూడవు. అందుకని ఆదివారం అర్ధరాత్రి దాటగానే మొదలుపెట్టి శనివారం అర్ధరాత్రితో ముగించేవారు. మరుసటేడే డాన్ ఓలియరీ అనే ఐరిష్ వలసదారు చికాగోలో వెస్టన్‌ను ఓడించాడు. 1876లో వెస్టన్ లండన్ వెళ్ళి నడిచినప్పుడు కోకా ఆకులు నమిలాడని బయటపడి వైద్యులు దాని మీద చర్చలు చేశారు. ఆటల్లో మందుల గొడవ యీనాటిదేమీ కాదన్నమాట.

1878లో సర్ జాన్ ఆస్ట్లీ అనే పార్లమెంటు సభ్యుడు ఒక బెల్టు చేయించి, లండన్ అగ్రికల్చరల్ హాలులో ప్రపంచ పోటీ పెట్టాడు. నియమం ఒక్కటే: నడుస్తావో, పరిగెత్తుతావో, పాకుతావో నీ యిష్టం. ఆరు రోజుల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వాడిదే బెల్టు. ఓలియరీ 520 మైళ్ళు చేశాడు. 1879లో వెస్టన్ 550 మైళ్ళతో ఆ బెల్టును తెచ్చుకున్నాడు. 1880 ఏప్రిల్‌లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, హైటీలో పుట్టిన నల్లజాతి యువకుడు ఫ్రాంక్ హార్ట్ 565 మైళ్ళు చేసి అందరినీ నోరు తెరిపించాడు. బానిసత్వం రద్దయి పదిహేనేళ్ళయినా కాని దేశంలో యిది చిన్న విషయం కాదు.

యీ వరసలో అందరికీ పెద్ద జార్జ్ లిటిల్‌వుడ్. యింగ్లండులో షెఫీల్డు మనిషి. 1888లో అదే గార్డెన్‌లో ఆరు రోజుల్లో 623 మైళ్ళకు పైగా పరిగెత్తాడు. అంటే వెయ్యి కిలోమీటర్లు. అచ్చంపేట నుంచి హైదరాబాద్‌కు నాలుగుసార్లు వెళ్ళి, నాలుగుసార్లు తిరిగి వచ్చినంత. అదీ రోడ్డు మీద కాదు, ఒకే కప్పు కింద, గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతూ. చుట్టూ చుట్టల పొగ, బ్యాండు మేళం, పందాలు కాసేవాళ్ళ కేకలు. ఆ లెక్కను దాటటానికి మానవజాతికి 96 ఏళ్ళు పట్టింది. 1984లో గ్రీసు దేశపు యానిస్ కూరోస్ వచ్చిందాకా అది చెక్కు చెదరలేదు.

యింతలో కాళ్ళకు చక్రాలు వచ్చాయి. 1878లోనే లండన్‌లో సైకిళ్ళ మీద ఆరు రోజుల పందెం మొదలైంది. 1891లో అది మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు చేరింది. నడిచేవాడికి కాళ్ళు మొరాయిస్తాయి, కూలబడతాడు. సైకిలు వాడికి ఆ అదృష్టం లేదు. నిద్రలోనూ కాళ్ళు తొక్కుతూనే వుంటాయి. మూడో రోజు దాటాక రౌతులకు లేనివి కనిపించేవి, వినిపించేవి. ఒకరు దారి మధ్య గోడ వుందని దిగిపోతే, మరొకరు తనను ఎవరో తరుముతున్నారని ఏడ్చేవారు. 1896లో పద్దెనిమిదేళ్ళ మేజర్ టేలర్ యీ పందెంలోనే వృత్తి జీవితం మొదలుపెట్టాడు. తరవాత మూడేళ్ళకు ప్రపంచ ఛాంపియన్ అయిన ఆ నల్లజాతి యువకుడు కూడా చివరికి తనను కత్తితో ఎవరో వెంటాడుతున్నారని భ్రమపడ్డాడని చెబుతారు. 1897లో చార్లెస్ మిల్లర్ ఒంటరిగా 2,093 మైళ్ళు తొక్కి గెలిచాడు. జనం చప్పట్లు కొట్టారు. పత్రికలు మాత్రం "యిది ఆట కాదు, హింస" అన్న ధోరణిలో రాశాయి.

1898లో న్యూయార్కు రాష్ట్రం చట్టం చేసింది. ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి పోటీ చేయరాదు.

చట్టం మంచిదే. గార్డెన్ వాళ్ళకు మాత్రం గుండెల్లో రాయి పడింది. రాత్రి పన్నెండింటి నుంచి మధ్యాహ్నం దాకా హాలు ఖాళీగా వుంటే టిక్కెట్లు ఎవరు కొంటారు? అప్పుడొక బుర్ర పని చేసింది. "ఒక మనిషి" అన్నారు గాని "ఒక జట్టు" అనలేదు కదా! యిద్దరిని జట్టు కడితే చెరి పన్నెండు గంటలు. మనిషికి మనిషి విశ్రాంతి తీసుకుంటాడు, చక్రం మాత్రం ఆగదు. చట్టమూ నిలిచింది, గల్లాపెట్టే నిండింది. మన పట్వారీలకు కూడా అంత తెలివి వుండేదో లేదో!

1899 డిసెంబరులో మొదటి జోడీ పందెం జరిగింది. గెలిచిందెవరో తెలుసా? ఆ చార్లెస్ మిల్లరే. యీసారి ఫ్రాంక్ వాలర్‌తో జోడీ కట్టాడు. యిద్దరూ కలిసి 2,733 మైళ్ళు చేశారు. రెండేళ్ళ కిందట ఒంటరిగా చేసినదానికన్నా 640 మైళ్ళు ఎక్కువ. మనిషికి లెక్క చూస్తే ఒక్కొక్కడికి పడింది 1,370 మైళ్ళకు లోపే. శ్రమ తగ్గింది, దూరం పెరిగింది. కూడికలు మాత్రమే నేర్పే మన ఎక్కాల పుస్తకంలో యిది దొరకదు. 1909లో అదే గార్డెన్‌లో పరుగుకు కూడా జోడీల పద్ధతి పెట్టి ఆరు రోజుల పందెం నడిపారు.

ఆ హాలు పేరే ఆటకు స్థిరపడింది. యిప్పటికీ జోడీ సైకిల్ పందేన్ని "మాడిసన్" అంటారు. ఫ్రెంచివాళ్ళు "అమెరికన్ పందెం" అంటారు. అందులో చూడవలసింది చేతులు మార్చే విద్య. ఒకడు కింద వేగంగా పోతుంటే, జోడీదారు ట్రాకు పైఅంచున మెల్లగా తిరుగుతుంటాడు. మొదటివాడు అలసి దగ్గరకు రాగానే యిద్దరూ చేతులు పట్టుకుంటారు. వచ్చేవాడు తన వేగాన్నంతా రెండోవాడి చేతిలో పెట్టి ముందుకు విసురుతాడు. బ్రేకులు లేని సైకిళ్ళు, పక్కన యింకో పదిహేను జంటలు, గంటకు యాభై కిలోమీటర్ల వేగం. చెయ్యి ఒక్క క్షణం ముందు వదిలినా, వెనక వదిలినా యిద్దరూ నేల కరుస్తారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో యీ పందెం ప్రవేశించింది. ఆస్ట్రేలియా జంట ఎయిట్కెన్, మెక్‌గ్రోరీ స్వర్ణం గెలిచారు. 2008 తరవాత తీసేసి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్ళీ చేర్చారు. యీసారి స్త్రీలకు కూడా. మగవాళ్ళకు 50 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 30. మన హైదరాబాదులోనూ 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైకిల్ ట్రాకు కట్టారు.

అన్నట్టు, ఆరు రోజుల పందాలు మనకు తెలియనివేం కాదు. 1970లలో, 80లలో మన వూళ్ళకు సైకిలాయన వచ్చేవాడు. వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కుతానని బడి మైదానంలో గుండ్రంగా ముగ్గుతో గీత గీసేవాడు. మైకులో సినిమా పాటలు. సైకిలు మీదే భోజనం, సైకిలు మీదే స్నానం, సైకిలు మీదే గడ్డం గీసుకోవటం. ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టుకునేవాడు. వూరి పెద్దలు రూపాయి నోటు చొక్కాకు పిన్నుతో గుచ్చేవారు. "రాత్రి రెండింటికి దిగి పంటడట" అని పుకారు పుడితే, పట్టుకోవాలని కుర్రాళ్ళు కంబళ్ళు కప్పుకుని కాపలా కాసి, ఆయనకంటే ముందు తామే నిద్రపోయేవారు. చివరి రోజున దండలు వేసి దింపితే ఆ మనిషికి నేల మీద నిలబడటం చేతనయ్యేది కాదు.

ఆ సైకిలాయనకు 12 గంటల చట్టం లేదు. చెయ్యి అందించి "నువ్వు దిగు, నేనెక్కుతా" అనే జోడీ లేదు. చప్పట్లు కొట్టేవాళ్ళం మాత్రం వూరంతా వున్నాం. చప్పట్లకు, చేయూతకు అదే తేడా. చప్పట్లు "యింకా తొక్కు" అంటాయి గాని, "యిక చాలు" అనవు. ఆ మాట అనే హక్కు తోడు తొక్కేవాడికే వుంటుంది.

మరి తోడు ఎవరైనా సరేనా? దీనికి జవాబు న్యూయార్కులో కన్నా అచ్చంపేట పక్కనే బాగా దొరుకుతుంది. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటెక్కితే అమ్రాబాద్ పీఠభూమి, నల్లమల అడవి. చెంచుల నేల. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో వాళ్ళ మధ్య తిరిగి, 1943లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. చెంచులు లోయ అంచున వేలాడే తేనెపట్టు దించాలంటే, ఒకడు తాడు పట్టుకుని బండ అంచు నుంచి కిందికి దిగుతాడు. పైన ఒకడు తాడు కాచుకుని వుంటాడు. కింద పాతాళం, చుట్టూ తేనెటీగలు. ఆ పైన వుండేవాడు బావమరిది అయి వుండాలని వాళ్ళ ఆచారం. అన్నదమ్ముడు కాదు, ప్రాణస్నేహితుడు కాదు. ఎందుకంటే, తాడు జారితే బావమరిది చెల్లెలి బతుకు పోతుంది. చేతి బలం ఎంతన్నది తరవాతి సంగతి. నువ్వు పడితే వాడికేం పోతుందన్నది మొదటి సంగతి.

యీ కొలతతో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. మాడిసన్ పందెంలో యిద్దరికీ పాయింట్లు ఒకటే, ఓటమి ఒకటే. చూపులేని పరుగువీరులు ట్రాకు మీద అయిదువేల మీటర్లు పరిగెత్తేటప్పుడు పక్కన చూపున్న సహాయకుడు పరిగెత్తుతాడు. యిద్దరి చేతుల మధ్య చిన్న తాడు. సహాయకుడు లాగకూడదు, నెట్టకూడదు, గీతను తాను ముందు దాటకూడదు. గెలిస్తే యిప్పుడు అతనికీ పతకం యిస్తున్నారు. 2024 పారిస్ పారాలింపిక్ మారథాన్‌లో స్పెయిన్ దేశపు ఎలెనా కాంగోస్ట్ మూడో స్థానంలో వస్తోంది. గీత రెండు మీటర్లు వుందనగా పక్కన పరిగెత్తేవాడి కాళ్ళు పట్టేసి తూలిపోయాడు. ఆమె తాడు వదిలి ఆ చేత్తో అతన్ని పట్టుకుంది. తాడు వదలటం నియమానికి విరుద్ధం గనక ఆమెను పోటీ నుంచి తొలగించారు. ఆ రోజు కంచు పతకం వెనక వచ్చిన జపాను పరుగువీరురాలికి వెళ్ళింది.

నియమం ఒకటే అడిగింది: తాడు పట్టుకున్నావా లేదా? ఆమె మనిషిని పట్టుకుంది. నియమం రాసినవాళ్ళనూ తప్పుపట్టలేం. తాడు వదలవచ్చంటే రేపు అందరూ వదులుతారు. అయినా నల్లమలలో యీ తగువు పెట్టి చూడండి. తాడు ఎందుకు కట్టుకున్నామో తెలిసినవాళ్ళు ఏ తీర్పు చెబుతారో వూహించటం కష్టం కాదు.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయేవాళ్ళను చూశారా? రాళ్ళు, లోయలు, మండే ఎండ. "వస్తున్నం లింగమయ్యా" అని కేకలు వేస్తూ దిగుతారు, "పోతున్నం లింగమయ్యా" అంటూ ఎక్కుతారు. ఆ సన్నటి దారిలో కాలు జారినవాడి రెక్క పట్టుకునేది ముక్కూ మొహం తెలియని మనిషి. అక్కడ ఎవరికీ నెంబరు లేదు, గడియారం లేదు. అందరికీ తెలిసింది ఒక్కటే, ముందున్నవాడు దొర్లితే వెనకున్న తమ మీదికి కాకపోయినా, వెంట వున్నవాళ్ళ మీదికైనా దొర్లుతాడని.

మన బడుల్లో ఆగస్టు పదిహేనుకి ఆటలు పెడతారు. అన్నింటిలోకీ మూడు కాళ్ళ పందెం నవ్వులాటగా మిగిలిపోయింది. యిద్దరు పిల్లల కాళ్ళు కలిపి రుమాలుతో కట్టటం, వాళ్ళు బొక్కబోర్లా పడటం, మనం పగలబడి నవ్వటం. దాన్ని యాభై గజాలతో సరిపెట్టకుండా మైదానం చుట్టూ నాలుగు చుట్లు పెట్టి చూడండి. మొదటి చుట్టులో బలమున్నవాడు లాగుతాడు, యిద్దరూ పడతారు. రెండో చుట్టులో తిట్టుకుంటారు. మూడో చుట్టుకు ఎవడో ఒకడు "ఎడమ, కుడి" అని లెక్క మొదలుపెడతాడు. నాలుగో చుట్టు చూడటానికి మాత్రం మాస్టార్లు కుర్చీల్లోంచి లేచి రావచ్చు.