జనరల్ మోటార్స్ బోర్డులో ఒక పాస్టరు

కంపెనీలు తమ సామాజిక బాధ్యత గురించి ఏటా వెలువరించే నివేదికల్లో ఏ అంశం లెక్కకు వస్తుంది, ఏది మరుగున పడుతుంది అన్నది కొంతవరకు బోర్డులో ఎవరు కూర్చున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఇందుకు అమెరికా వ్యాపార చరిత్రలో మంచి నిదర్శనం లియాన్ సలివాన్.

1970లో వాషింగ్టన్‌కు చెందిన కొందరు యువ న్యాయవాదులు కేవలం 12 షేర్లతో జనరల్ మోటార్స్ వాటాదారుల సభకు వెళ్ళి, బోర్డులో ప్రజాప్రయోజనాల తరఫున డైరెక్టర్లు ఉండాలని ప్రతిపాదించారు. వారికి 3 శాతం ఓట్లు కూడా రాలేదు. అయినా ఆ ఒత్తిడి వృథా కాలేదు. 1971 జనవరిలో కంపెనీ సలివాన్‌ను డైరెక్టరుగా తీసుకుంది. ఆ బోర్డులో ఆయనే తొలి నల్లజాతీయుడు.

సలివాన్ ఫిలడెల్ఫియాలోని జయన్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు. 1960 ప్రాంతంలో ఆయన నగరంలోని సుమారు 400 మంది పాస్టర్లను కూడగట్టి, నల్లవారికి ఉద్యోగాలివ్వని కంపెనీల సరుకు కొనవద్దని ఉద్యమం నడిపారు. కంపెనీ అధికారులను వారు అడిగిన ప్రశ్న చాలా సూటిది: మీ దగ్గర నల్లవారు ఎంతమంది, ఏయే పనుల్లో ఉన్నారు? దానధర్మాల చిట్టా వారికి అక్కరలేదు.

బోర్డులో చేరిన కొద్ది నెలలకే ఆయన వాటాదారుల సభలో యాజమాన్యాన్ని బహిరంగంగా వ్యతిరేకించి, కంపెనీ దక్షిణాఫ్రికా నుంచి వైదొలగాలన్నారు. ఆ ప్రతిపాదన ఓడిపోయింది. 1977లో ఆయన మరో మార్గం ఎంచుకుని, దక్షిణాఫ్రికాలో పనిచేసే అమెరికన్ కంపెనీలకు ఆరు సూత్రాలు ప్రతిపాదించారు. మొదట 12 కంపెనీలు సంతకం చేశాయి. సమాన పనికి సమాన వేతనం, శ్వేతేతరులకు శిక్షణ, పర్యవేక్షక పదవుల్లో అవకాశం వంటివి అందులో ఉన్నాయి. నెటాల్‌కు కూలీలుగా వెళ్ళిన తెలుగువారి సంతతి కూడా ఆ శ్వేతేతరుల్లో భాగమే.

తొలి సూత్రం భోజనశాలల్లో, మరుగుదొడ్లలో, పనిచేసే చోట్ల జాతివిభజన ఉండరాదన్నది. చిన్నతనంలో వెస్ట్ వర్జీనియాలో ఒక దుకాణంలో కూర్చోబోతే, లేచి నిలబడమని గద్దింపు విన్న మనిషి రాసిన జాబితాలో ఇది మొదట రావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. సంతకం చేసిన కంపెనీలు ఏటా నివేదికలు పంపాలి, ఆర్థర్ డి. లిటిల్ అనే సలహా సంస్థ వాటిని పరిశీలించి శ్రేణులు ఇచ్చేది. ఫిలడెల్ఫియా ప్రశ్నే ఇక్కడ పట్టికల రూపం దాల్చింది.

అయితే ఆ పట్టికలకు అందనిది ఒకటుంది. కర్మాగారం లోపల వేతనాలు సరిచేసినా, గేటు బయట నల్లవారికి ఓటు లేదు, నచ్చిన చోట నివసించే హక్కు లేదు. వైద్యుడిగా నాకిది బాగా తెలిసిన సంగతి: జ్వరపు పట్టీని ఎంత శ్రద్ధగా నింపినా జబ్బు దానంతట అది తగ్గదు. సలివాన్ ఈ పరిమితిని దాచలేదు. 1985లో రెండేళ్ళ గడువు విధించి, 1987 జూన్‌లో తన సూత్రాలు చాలవని ప్రకటించి, కంపెనీలన్నీ దేశం విడిచి రావాలన్నారు. జనరల్ మోటార్స్ అంతకు ముందు ఏడాదే వైదొలగే నిర్ణయం ప్రకటించింది.

భారతదేశంలో 2013 కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలని, ఆ వివరాలు బోర్డు నివేదికలో చెప్పాలని విధించింది. ఎంత ఖర్చుపెట్టాలో చట్టం చెప్పగలదు. ఎవరిని, ఏమని అడగాలో మాత్రం ఆ బోర్డులో కూర్చున్నవారి జీవితమే నేర్పాలి.