నాలుగు దారుల ముద్దనూరు

మన ముద్దనూరు చరిత్ర బాటసారుల చరిత్రయే. ఉత్తరమున జమ్మలమడుగు, దక్షిణమున పులివెందుల, తూర్పున ఎర్రగుంట్ల, పడమట తాడిపత్రి దారులు ఇచ్చట కలియుచున్నవి.

1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు దత్తము చేసెను. మదరాసు రైలుమార్గము 1871లో రాయచూరున బొంబాయి మార్గముతో కలిసినది. పులివెందులకు రైలు లేకపోవుటచే అచ్చటి ప్రజలకు ముద్దనూరే స్టేషనైనది.

మా బాల్యమున రైలు దిగినవారు బస్సు వచ్చువరకు గుడి అరుగుపై విశ్రమించెడివారు. లేచిపోవునపుడు పళ్లెములో వేసిన కానులే దీపమునకు చమురైనవి. నేడు రహదారులు విశాలమైనవి. వాహనములు ఆగక సాగిపోవుచున్నవి. నాడు బాటసారులు మోసిన నిత్యదీప భారము ఇకపై ఊరివారిదే. ఈ కుంభాభిషేకము ఆ బాధ్యతకు తొలి సంకల్పమగుగాక!

సర్వే జనాః సుఖినో భవంతు.