పెండతో నిలిచిన గోడలు

ఉట్నూర్ ప్రాంత గోండు గూడేలలో ఒకప్పుడు పశువులే మన సంపద. చేనుకు తోలగా మిగిలిన పెండను మట్టిలో కలిపి, వెదురు తడికలకు మెత్తి గోడలు నిలిపేవాళ్లం. పెండలోని గడ్డి పీచు మట్టిని పట్టి ఉంచి పగుళ్లను తగ్గిస్తుంది.

నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసి, పశువుల మేతకూ పన్ను అడిగారు. ఆ అన్యాయంపై పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యారు. అడవి ఉంటేనే మేత, మేత ఉంటేనే మంద, మంద ఉంటేనే ఇంటికి పెండ.

నేడు మందలు తగ్గాయి, స్లాబు ఇళ్లు వచ్చాయి. అయినా ఎంత మట్టికి ఎంత పెండో చేత్తో తాకి చెప్పగల అవ్వలు మన గూడేలలో ఇంకా ఉన్నారు. వారు ఉండగానే ఆ పనిని పిల్లలకు నేర్పుదాం, రాసి పెడదాం.