మాథేరాన్ అడవిలో గుర్రం నడక

సాయంత్రం ఐదు దాటింది. మాథేరాన్ బజారు వీధిలో నిలబడి ఉన్నారు మీరు. ఊరంతా ఎర్రదుమ్ము. చెప్పులకూ, ప్యాంటు అంచులకూ, దుకాణాల గడపలకూ అదే రంగు. ఇక్కడ హారన్ మోత లేదన్న సంగతి కాసేపటికి గానీ తట్టదు. కార్లూ మోటారు సైకిళ్ళూ కొండ అంచున దస్తూరి నాకా దగ్గరే ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ఊళ్ళోకి నడక, గుర్రం, బుల్లి రైలు, ఈ మధ్య వచ్చిన కొద్దిపాటి ఈ-రిక్షాలు. అంతే.

హైదరాబాద్ నుంచి ముంబయి రైల్లో వచ్చి, కళ్యాణ్‌లో దిగి, కర్జత్ లోకల్ పట్టుకుని కొండ కింది నేరళ్ చేరి, అక్కణ్ణుంచి పైకి వచ్చారు. రేపు పగలంతా గుర్రం మీద ఈ అడవి చూడాలని కోరిక. ఏర్పాటు మాత్రం ఈ సాయంత్రమే చేసుకోవాలి. తెల్లారాక హడావుడిగా బేరమాడితే, ఎదురుగా ఉన్న గుర్రాన్నే ఎక్కాల్సి వస్తుంది.

గుర్రాలవాళ్ళు మిమ్మల్ని చూడగానే పాయింట్ల పేర్లు ఏకరువు పెడతారు. పనోరమా, ఎకో, లూయిజా, షార్లెట్ లేక్... ఏడు పాయింట్లు, పన్నెండు పాయింట్లు అంటూ లెక్కలు చెబుతారు. ఆ లెక్క పక్కన పెట్టండి. ముందు గుర్రం దగ్గరికి వెళ్ళండి. వెనక నుంచి కాదు, దానికి కనబడేలా భుజం వైపు నుంచి. గుర్రానికి దాదాపు చుట్టూ కనబడుతుంది గానీ, సరిగ్గా తోక వెనక ఉన్నది కనబడదు. జీను ఎత్తి చూపించమని అడగండి. మూపు మీద, పొట్ట కింద పట్టీ ఒరుసుకునే చోట పుండు గానీ, వెంట్రుక ఊడిన మచ్చ గానీ ఉంటే ఆ గుర్రం వద్దు. పది అడుగులు నడిపించమనండి. అడుగడుగుకీ తల ఎగరేస్తోందంటే ముందుకాలు నొప్పిగా ఉన్నట్టు. లాడాలు వదులుగా ఉన్నాయేమో రాయి మీద చప్పుడు వింటేనే తెలిసిపోతుంది.

ఇక బరువు. గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది స్వారీ తెలిసినవాళ్ళు పాటించే లెక్క. 300 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 60 కిలోలు. మీరు 75 కిలోలుంటే పొట్టి గుర్రం ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. పెద్దదాన్ని ఎంచుకోండి, నిటారు ఎక్కుడు వచ్చిన చోట దిగి నడవండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

దారి ఎండను బట్టి వేసుకోవాలి. పొద్దున ఉత్తరాన పనోరమా పాయింట్, మధ్యాహ్నం చెట్ల నీడన షార్లెట్ లేక్ వైపు, సాయంత్రం పడమటి అంచున పోర్క్యుపైన్ పాయింట్. మూడే చోట్లు. గుర్రాలాయన ఆశ్చర్యపోతాడు. రోజంతా ఒకే గుర్రం, మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి, దౌడు తీయించడం లేదు, ఆ విశ్రాంతికీ డబ్బులిస్తాను అని చెప్పండి. ఆయన తలూపుతాడు.

తెల్లవారుజాము. డిసెంబరు చలి. మడమ ఉన్న బూట్లు వేసుకున్నారు, పాదం రికాబులోంచి అవతలికి జారిపోకుండా. ఇంటి నుంచి తెచ్చుకున్న హెల్మెట్ పెట్టుకున్నారు, ఇక్కడ ఇస్తారని నమ్మకం లేదు కాబట్టి. ఎడమ పక్క నుంచి ఎక్కుతారు. ఒక్కసారిగా నేల దూరమైపోతుంది. గుర్రం ఊపిరి మీ పిక్కలకు తగులుతుంది, లోపలికీ బయటికీ.

బజారు దారిలో పరిచిన ఇటుకల మీద లాడాలు టకటకలాడతాయి. వాటి మీద గుర్రాలు జారతాయని ఇక్కడి గుర్రాలవాళ్ళు కోర్టు దాకా వెళ్ళారు. అడవి బాటలోకి తిరగగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. మెత్తటి ఎర్రమట్టి. గుర్రం మెడ కిందికి దించి, చెవులు వదులు చేస్తుంది. ఏ నేల దానికి నచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

నేరేళ్ళు, కరక్కాయ చెట్లు, అల్లి చెట్లు పైన కలిసిపోయి ఉన్నాయి. నడిచేవాడికి అందని కొమ్మలు ఇప్పుడు మీ ముఖం ఎత్తున ఉన్నాయి. తల వంచుతూ పోవాలి. పైన ఎక్కడో ఆకులు కదిలాయి. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, పొడవాటి కుచ్చు తోక. శేక్రు, మహారాష్ట్ర రాష్ట్ర జంతువైన పెద్ద ఉడుత. గుర్రం మీద ఉన్న మిమ్మల్ని అది అంతగా లెక్కచేయదు. నడిచి వచ్చి ఉంటే ఈపాటికి కొమ్మ మారేది.

ఎక్కుడులో కాస్త ముందుకు వంగండి. దిగుడులో వెనక్కి వాలి, మడమలు కిందికి నొక్కండి. గుర్రం మామూలుగానే తన బరువులో 60 శాతం దాకా ముందుకాళ్ళ మీద మోస్తుంది. దిగుడులో మీరూ ముందుకు పడితే ఆ కాళ్ళ మీద ఇంకెంత భారమో ఆలోచించండి. పగ్గాలు గుంజకండి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మనవాళ్ళ సామెత. యుద్ధానికి పోయే రౌతు సంగతేమో గానీ, ఈ గులకరాళ్ళ బాటలో అడుగు ఎక్కడ వేయాలో గుర్రానికే తెలుసు. ఇక్కడ రౌతు మెత్తగానే ఉండాలి.

పనోరమా పాయింట్ దగ్గర అడవి తెగిపోతుంది. దాదాపు 800 మీటర్ల ఎత్తు నుంచి కింద మైదానం, పొగమంచులో నేరళ్ ఇళ్ళు. 1850లో ఠాణే కలెక్టర్ హ్యూ మాలెట్ ఈ కొండెక్కాకే ఇది తెల్లదొరల విడిది అయింది. 1907లో ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం వేయించిన రెండడుగుల వెడల్పు పట్టాలు మీ పాదాల కింద కొండను చుట్టి వస్తున్నాయి. రైలు కూత వినబడగానే గుర్రాలాయన కళ్ళెం పట్టుకుంటాడు. గుర్రం మాత్రం చెవి ఒకటి తిప్పి ఊరుకుంటుంది. దానికి రోజూ వినే కూతే. భయమల్లా చిప్స్ ప్యాకెట్ చించిన చప్పుడుకీ, ఆ చప్పుడుకు దూకే కోతులకీ. అందుకే జీను మీద కూర్చుని ఏమీ తినకండి.

మధ్యాహ్నం షార్లెట్ లేక్ దగ్గర దిగుతారు. తొడలు కట్టెలైపోయాయి, రెండడుగులు వంకరగా పడతాయి. మీ సంగతి తర్వాత. ముందు పొట్ట కింద పట్టీ వదులు చేయించండి. ఈ చెరువు ఊరికి తాగునీరు, గుర్రాన్ని అందులోకి తోలకూడదు. బకెట్టుతో విడిగా పెట్టించాలి. ముక్కుపుటాల వేగం తగ్గేదాకా చూడండి. పట్టీ కింద తెల్లటి నురగ ఆరాక ఆయన అరచేత్తో దాన్ని రుద్ది దులుపుతాడు. గుర్రం కింది పెదవి వేలాడదీసి, ఒక వెనకకాలు మడిచి కునుకు తీస్తుంది. పక్కనే పిసర్నాథ్ గుడి, ఈ ఊరి దేవుడైన శివుడు. దండం పెట్టుకుని వచ్చి చెట్టుకింద రొట్టె, పల్లీల పచ్చడి తినండి.

పోర్క్యుపైన్ పాయింట్ చేరేసరికి పడమట ప్రబల్‌గడ్ కోట కొండ నల్లగా కనబడుతుంది. సూర్యుడు పూర్తిగా దిగేదాకా ఉందామనిపిస్తుంది. ఉండకండి. చీకట్లో వేళ్ళు పాకిన బాటలో గుర్రాన్ని నడిపించడం దానికీ మీకూ మంచిది కాదు. వెలుగుండగానే బజారు చేరండి.

జీను దించగానే వీపంతా చెమట తడి. మరోసారి చెయ్యి వేసి చూడండి, ఎక్కడా వాపు లేదు. ఒప్పుకున్న డబ్బు ఆయన చేతిలో పెడతారు. రేపు గార్బట్ పాయింట్ చూద్దామా అంటాడు ఆయన. చూద్దాం, ఈ గుర్రానికి మాత్రం రేపు సెలవు, నేను నడిచే వస్తాను అనండి.